పాత బొలెరోలో పవర్ స్టీరింగ్ పంపు కారుతోంది: సీల్ మారిస్తే ఆగుతుందా, పంపే మార్చాలా?

గోదారి_బొలెరో:

బండి 2006 బొలెరో, 2.5 డీజిల్, 2,30,000 కిలోమీటర్లు తిరిగింది. పవర్ స్టీరింగ్ ట్యాంకులో ఆయిల్ పై గీత నుంచి కింది గీతకి పది రోజుల్లో దిగిపోతోంది. నింపినప్పుడల్లా 150 మిల్లీలీటర్ల దాకా పడుతోంది. పంపు పుల్లీ వెనకాల ఎర్రటి చెమ్మ, దాని మీద దుమ్ము పట్టి నల్లటి ముద్దలా తయారైంది. పొద్దున్నే స్టార్ట్ చేసి కట్ కొడితే (స్టీరింగ్ తిప్పితే) బెల్టు కీచుమంటుంది, రెండు మూడు నిమిషాలకు తగ్గుతుంది. ఐడిల్‌లో స్టీరింగ్ బరువుగా ఉంటుంది, కాస్త రేస్ ఇస్తే తేలికవుతుంది. ఫుల్ కట్ దగ్గర, అంటే స్టీరింగ్ చివరిదాకా తిప్పినప్పుడు, పంపు మూలుగుతుంది.

ఒక మెకానిక్ పంపు మొత్తం మార్చాలన్నారు. ఇంకొకరు సీల్ కిట్ వేస్తే చాలన్నారు. మూడో ఆయన లీకేజీ ఆపే మందు సీసా ఒకటి ట్యాంకులో పోయమన్నారు. మధ్యలో ఒకసారి దారిలో ఆయిల్ అయిపోతే డ్రైవరు బ్రేక్ ఆయిల్ కొంచెం పోశాడు, ఆ తర్వాత ఏటీఎఫ్ (పవర్ స్టీరింగ్‌లో వాడే ఎర్ర ఆయిల్) కలిపారు. ఆ సంగతి కూడా చెప్పేస్తున్నా.

కారేది పంపేనని ఖాయం చేసుకోవడం ఎలా? సీల్ మార్చే పని ఇంటి దగ్గర అయ్యేదేనా? సీల్ సైజు ఏమని అడగాలి?


డీజిల్_మేస్త్రి:

ముందు పంపు మీద నింద వేయకండి. పంపు ట్యాంకు కంటే కింద, బెల్టుకి దగ్గరగా ఉంటుంది. పైన ఎక్కడ కారినా అక్కడికే చేరుతుంది, బెల్టు గాలికి చిమ్మి పుల్లీ వెనకాల పేరుకుంటుంది. ట్యాంకు అడుగున పైపు దగ్గర సన్నగా కారినా చూడ్డానికి అచ్చం పంపు సీల్ పోయినట్టే కనబడుతుంది.

ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు పంపు, ట్యాంకు, రెండు రబ్బరు పైపులు, ప్రెషర్ పైపు అన్నీ డీజిల్, బ్రష్ పెట్టి కడగండి. ఆల్టర్నేటర్ మీద పడకుండా ప్లాస్టిక్ కవరు చుట్టండి. బెల్టు మీద డీజిల్ పడనివ్వకండి. గుడ్డతో తుడిచి, గాలి కొట్టించి, పూర్తిగా ఆరాక ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు పంపు చుట్టూ, పైపు జాయింట్ల మీద పల్చగా చల్లండి. స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆ చివర నుంచి ఈ చివరకు ఏడెనిమిది సార్లు స్టీరింగ్ తిప్పి, ఆపేయండి. టార్చి వేసి చూస్తే తెల్ల పౌడరు మీద ఎర్రగా గీత ఎక్కడ మొదలైందో తెలిసిపోతుంది. అన్నిటికంటే పైన తడిసిన చోటే కారే చోటు. కింద తడిసినదంతా జారి వచ్చిందే.

ఒక్క జాగ్రత్త. ఇంజన్ తిరుగుతుండగా ప్రెషర్ పైపు మీద చెయ్యి పెట్టి తడిమి చూడకండి. ఫుల్ కట్‌లో ఆ పైపులో 60 నుంచి 100 బార్ దాకా ఒత్తిడి ఉంటుంది. సూది మొనంత చిల్లులోంచి వచ్చే ఆయిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. అట్టముక్క పట్టుకుని చూడండి, చిమ్ముతుంటే అట్ట మీద మరక పడుతుంది. అదే ఆయిల్ వేడి సైలెన్సర్ పైపు మీద పడితే మంట కూడా లేస్తుంది. కాబట్టి ప్రెషర్ పైపు చిమ్ముతోందని తేలితే అది మారేదాకా బండి కదపొద్దు.

ఎప్పుడు కారుతుందన్నది కూడా చూడండి. రాత్రంతా ఆపి ఉంచిన బండి కింద కూడా చుక్క పడిందంటే తప్పు ఒత్తిడి లేని వైపు ఉంది: ట్యాంకు, ట్యాంకు నుంచి పంపుకి వచ్చే లావు పైపు, దాని ఓరింగ్ (గుండ్రటి రబ్బరు రింగు), లేదా షాఫ్ట్ సీల్ (పుల్లీ ఉన్న ఇరుసు చుట్టూ ఆయిల్ ఆపే రబ్బరు సీల్). ట్యాంకు ఎత్తులో ఉంటుంది కాబట్టి ఆయిల్ దాని బరువుకే దిగుతుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు, ముఖ్యంగా కట్ కొట్టినప్పుడు మాత్రమే కారితే ప్రెషర్ పైపు, దాని బ్యాంజో బోల్టు (లోపల ఆయిల్ దారి ఉన్న బోలు బోల్టు) కింద రాగి వాషర్లు, లేదా పంపు వెనక మూత ఓరింగ్. బ్యాంజో బోల్టుకి తలకింద ఒకటి, పైపు కన్నుకి అవతల ఒకటి, మొత్తం రెండు వాషర్లు. ఒకటే మార్చి ఊరుకుంటే రెండోది కారుతుంది.

పనిలో పనిగా చక్రాల దగ్గర కూడా వంగి చూడండి. చక్రాలను తిప్పే భాగం ర్యాక్ (అడ్డంగా ఉండే పళ్ల కడ్డీ) ఉన్న బండి అయితే రెండు చివర్ల రబ్బరు బూట్లు నొక్కితే లోపల ఆయిల్ కదిలిన మెత్తదనం తెలుస్తుంది. స్టీరింగ్ బాక్స్ ఉన్నదైతే కింద పిట్‌మన్ ఆర్మ్ (బాక్స్ నుంచి వచ్చే చెయ్యిలాంటి కడ్డీ) దగ్గర సీల్ చూడాలి. అక్కడ కారుతుంటే పంపు ఎన్నిసార్లు విప్పినా ట్యాంకు ఖాళీ అవుతూనే ఉంటుంది.

మీరు చెప్పిన గుర్తులు చూస్తే షాఫ్ట్ సీలే అనిపిస్తోంది. కానీ ఐడిల్‌లో బరువు, పొద్దున కీచు శబ్దం రెండూ ఆయిల్ తడిసిన బెల్టు జారడం వల్ల కూడా వస్తాయి. పంపు అరిగిందని బెల్టును చూడకుండానే చెప్పేయకూడదు.


పానా_పన్నెండు:

మేస్త్రి గారు చెప్పినట్టు చూశాక షాఫ్ట్ సీలే అని తేలితే, పని ఇంటి దగ్గర అవుతుంది. కాకపోతే పుల్లర్ (పుల్లీని లాగే పరికరం), సర్క్లిప్ ప్లయర్ (తీగ రింగు క్లిప్పులు తీసేది), వెర్నియర్ (వ్యాసం కొలిచేది), బల్లకి బిగించిన వైస్ ఉండాలి. ఇవి లేకుండా సుత్తి, స్క్రూడ్రైవర్లతో మొదలుపెడితే సీలు డబ్బులకి పంపు డబ్బులు కట్టాల్సి వస్తుంది.

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. ట్యాంకులో ఆయిల్ పెద్ద సిరంజీతో లాగేయండి. బెల్టు విప్పకముందే పుల్లీ నట్టు వదులు చేయండి. బెల్టు బిగువుగా ఉండగా పుల్లీ తిరగదు, నట్టు సులువుగా వస్తుంది. బెల్టు తీసేశాక ఆ పని చేయబోతే పుల్లీ గిర్రున తిరుగుతుంది, అప్పుడు స్క్రూడ్రైవర్ దూర్చి ఆపబోయి పుల్లీ అంచు వంచుతారు. వంగిన పుల్లీ కొత్త బెల్టును నెల తిరక్కుండా తినేస్తుంది.

తర్వాత టెన్షన్ వదిలి బెల్టు తీయండి. ప్రెషర్ పైపు బ్యాంజో బోల్టు, లావు పైపు క్లిప్పు విప్పి, పైపుల నోళ్లకి ప్లాస్టిక్ కవరు కట్టి రబ్బరు బ్యాండు వేయండి. గుడ్డ కుక్కొద్దు, దాని పోగులు లోపలికి పోతాయి. మౌంటింగ్ బోల్టులు తీసి పంపు బయటికి తెచ్చి, విప్పకముందే మళ్లీ ఒకసారి డీజిల్‌తో కడగండి. ఇసుక రేణువు ఒక్కటి లోపలికి పోయినా కామ్ రింగ్ (పంపు లోపల తిరిగే రోటర్ చుట్టూ ఉండే ఇనుప రింగు) మీద గీత పడుతుంది.

పుల్లీని పుల్లర్‌తోనే తీయాలి. షాఫ్ట్ కొసన సుత్తితో కొడితే ఆ దెబ్బ నేరుగా లోపలి రోటర్ మీద, దాన్ని పట్టుకున్న చిన్న సర్క్లిప్ మీద పడుతుంది. పుల్లీ వచ్చాక అర్ధచంద్రాకారపు కీ ఉంటే దాన్ని జారిపోకుండా తీసి డబ్బాలో వేయండి.

ఇక్కడ ఆగి షాఫ్ట్ కొసని వేళ్లతో పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. మొత్తం పనిలో ముఖ్యమైన పరీక్ష ఇదే. చేతికి లూజు తెలిసిందంటే బేరింగో బుష్షో పోయింది. ఊగే షాఫ్ట్ మీద కొత్త సీల్ వారం కూడా నిలవదు. సీల్ పెదవి షాఫ్ట్‌ను చుట్టూ ఒకే బిగువుతో పట్టుకోవాలి. షాఫ్ట్ ఊగితే ఒక పక్క నలుగుతుంది, రెండో పక్క సందు వదులుతుంది. "సీల్ వేయించినా మళ్లీ కారింది" అనే ఫిర్యాదుల వెనక ఎక్కువగా ఇదే ఉంటుంది. ఆ బేరింగ్ పోవడానికి కారణం చాలాసార్లు అతిగా బిగించిన బెల్టు. కీచుమంటోందని బెల్టు బిగిస్తారు, బిగువుకి బేరింగ్ పోతుంది, బేరింగ్ పోయాక సీల్ పోతుంది, సీల్ పోయి బెల్టు తడిసి ఇంకా కీచుమంటుంది, మళ్లీ బిగిస్తారు.

పంపు విప్పకముందు, దాని ముందు భాగం, కామ్ రింగ్, వెనక మూత మూడింటి మీదుగా ఒకే వరుసలో సన్నని గీత గీసుకోండి. కొన్ని పంపులకి వెనక మూత బోల్టులతో ఉంటుంది, కొన్నిటికి తీగ సర్క్లిప్. మూత కింద స్ప్రింగ్ ఉంటుంది, ఎగిరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టండి. లోపల ప్రెషర్ ప్లేటు, కామ్ రింగ్, రోటర్, రోటర్ గాడుల్లో పల్చటి రేకుల్లాంటి వేన్లు. సాధారణంగా పది ఉంటాయి. తీసిన వరుసలోనే, తీసిన ముఖం పైకి ఉండేలా తెల్ల కాగితం మీద పరచండి. వేను ఒక అంచు గుండ్రంగా, రెండోది చదునుగా ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు గుండ్రని అంచు బయటికి, అంటే కామ్ రింగ్ వైపు ఉండాలి. ఒక్కటి తిరగబడినా అది కామ్ రింగ్‌ను గీరుతుంది. ప్రతి వేనూ గాడిలో వేలితో తోస్తే పోయి, పంపు తిప్పితే తనంతట తాను బయటికి రావాలి. జిగురు పట్టి ఇరుక్కున్నవాటిని ఏటీఎఫ్‌తో కడగండి, గీకొద్దు.

కామ్ రింగ్ లోపలి గోడ మీద గోరు పెట్టి చుట్టూ తిప్పండి. నున్నగా జారితే పంపు బతికుంది. రంపపు పళ్లలా అలలు తగిలినా, మెట్టు తగిలినా ఆ పంపుకి సీల్ వేయడం వృథా. లీకు ఆగుతుంది, ఐడిల్‌లో స్టీరింగ్ బరువు మాత్రం పోదు. అప్పుడు మీ మొదటి మెకానిక్ మాటే నిజం.

ప్రెషర్ నోటి దగ్గర ఫ్లో కంట్రోల్ వాల్వు చిన్న గుండు సీసా మూతంత ఉంటుంది. దాన్ని తీసి, ఏటీఎఫ్ రాసి, దాని రంధ్రంలో నిలువుగా వదలండి. సొంత బరువుకి మెల్లగా జారాలి. మధ్యలో ఆగితే మురికి పట్టినట్టు. ఇది ఇరుక్కున్న పంపు ఉండి ఉండి బరువెక్కుతుంది. ఎప్పుడెక్కుతుందో చెప్పలేం.

పాత సీల్ తీయడానికి షాఫ్ట్ బయటికి తీసేయడమే మంచి పద్ధతి. షాఫ్ట్ లోపలే ఉంచి, సీల్ రేకుకి చిన్న కన్నం వేసి స్క్రూ బిగించి లాగే పద్ధతి కూడా ఉంది. డ్రిల్ ఒక్క మిల్లీమీటరు జారినా షాఫ్ట్ మీద గాటు పడుతుంది, ఇనుప పొట్టు లోపలికి పోతుంది. పంపు ఎలాగూ బల్ల మీదే ఉన్నప్పుడు ఆ తొందర ఎందుకు?

కొత్త సీల్‌లో స్ప్రింగ్ కనబడే ముఖం ఆయిల్ వైపుకి, అంటే లోపలికి. పెదవికి ఏటీఎఫ్ రాయండి. షాఫ్ట్ కీ గాడి, మర (థ్రెడ్) అంచులు పెదవిని కోసేస్తాయి, అందుకని వాటి మీద పల్చటి టేపు చుట్టి దాని మీదుగా జార్చండి, తర్వాత టేపు పీకేయండి. సీల్ బయటి వ్యాసం కంటే ఒక మిల్లీమీటరు చిన్నగా ఉన్న సాకెట్ గానీ పైపు ముక్క గానీ పెట్టి వైస్‌తో నొక్కండి. ఒక పక్క దిగి ఒక పక్క లేస్తే బలవంతం చేయకుండా తీసి మళ్లీ మొదలుపెట్టండి. సీల్ చుట్టూ సిలికాన్ పేస్టు పూయొద్దు. వెనక మూతకి కూడా పూయొద్దు, అక్కడ ఓరింగ్ ఉంది. బయటికి ఎంత పొంగిందో లోపలికీ అంతే పొంగుతుంది. ఆ ముక్క ఊడి వెళ్లి ఇందాక చెప్పిన వాల్వులో కూర్చుంటుంది.


సీల్స్_బేరింగ్స్_రాణిగంజ్:

సైజు గురించి అడిగారు. బండి పేరు, మోడల్ చెప్పి అడిగితే షాపులో కిట్ ఇస్తారు. కానీ పాత బండ్లలో పంపు ఎప్పుడో మారి ఉండొచ్చు, కాబట్టి పంపు ఒంటి మీద ఉన్న కంపెనీ ప్లేటు, నంబరు ఫోటో తీసుకెళ్లండి. కిట్ దొరక్కపోతే సీల్ విడిగా దొరుకుతుంది. సీల్ ముఖం మీద మూడు అంకెలుంటాయి. ఉదాహరణకి 20-35-7 అని ఉంటే షాఫ్ట్ వ్యాసం 20, గూడు వ్యాసం 35, మందం 7 మిల్లీమీటర్లు. ఇది చదవడం తెలియడానికి చెప్పానే గానీ మీ పంపు సైజు ఇది అని కాదు. అంకెలు చెరిగిపోతే షాఫ్ట్‌నీ గూడునీ వెర్నియర్‌తో కొలవండి. పాత సీల్‌ను కొలవొద్దు. దాని పెదవి సాగిపోయి ఉంటుంది, తప్పు కొలత వస్తుంది.

సైజు కుదిరితే చాలదు. మామూలు టీసీ రకం (రెండు పెదవులున్న) సీల్ సుమారు 0.3 బార్ ఒత్తిడి వరకే ఓర్చుకుంటుంది. పంపులో షాఫ్ట్ సీల్ మీద పెద్ద ఒత్తిడి పడకుండా, రోటర్ పక్క నుంచి కారిన ఆయిల్‌ను తిరిగి లాగుడు వైపుకి పంపే సన్నని రంధ్రం ఒకటి సీల్ గూట్లోనే ఉంటుంది. ఆ రంధ్రం జిగురుతో మూసుకుపోతే ఒత్తిడంతా సీల్ మీదికి వస్తుంది. సీల్ ఎంత మంచిదైనా తన్నుకుని బయటికి వస్తుంది. సీల్ తీసిన గూట్లో రంధ్రం వెతికి, సన్నని రాగి తీగ పెట్టి, గాలి కొట్టి చూడండి. ట్యాంకు మూతకి ఉండే గాలి రంధ్రం కూడా అంతే. అది పూడితే వేడికి ట్యాంకులోనే ఒత్తిడి పుడుతుంది.

రబ్బరు రకం అడగండి. నైట్రైల్ చవక, వైటన్ ఖరీదు. ఇంజన్ వేడిలో నైట్రైల్ కొన్నేళ్లకి గట్టిపడి పెదవి పెళుసవుతుంది. వైటన్ 200 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. గోధుమ రంగులో ఉంటే వైటన్ అనుకోవడం అలవాటు, రంగు చూసి నమ్మొద్దు, కవరు మీద ఎఫ్‌కేఎం (వైటన్ రకం రబ్బరు గుర్తు) అని ఉందో లేదో చూడండి. ఓరింగులు కూడా పాతవి తిరిగి వేయొద్దు. నొక్కుడికి చదునైపోయిన ఓరింగ్ గుండ్రంగా మారదు.

బ్రేక్ ఆయిల్ పోశారన్నారు. మీ ప్రశ్నలో నన్ను భయపెట్టింది అదొక్కటే. డాట్ 3, డాట్ 4 బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ రకం. ఏటీఎఫ్ పెట్రోలియం రకం. పవర్ స్టీరింగ్‌లో ఉండే నైట్రైల్ రబ్బరు బ్రేక్ ఆయిల్‌లో ఉబ్బి మెత్తబడుతుంది. ఒక్క పంపు సీల్ కాదు, ర్యాక్ లేదా బాక్స్ లోపలి సీళ్లు, రబ్బరు పైపుల లోపొర కూడా. రెండు ఆయిళ్లూ ఎర్రగానో పచ్చగానో ద్రవంలా కనబడతాయి గానీ ఒకదాని చోట ఒకటి పనికిరాదు. దారిలో ఆయిల్ అయిపోతే బ్రేక్ ఆయిల్ పోయడం కంటే స్టీరింగ్ బరువుగా ఉన్నా మెల్లగా దగ్గర్లోని షాపు దాకా వెళ్లడం నయం. అదీ పంపు పొడిగా తిరక్కుండా బెల్టు తీసేసి. పంపుది విడి బెల్టు అయితేనే ఆ పని చేయండి. అదే బెల్టు ఆల్టర్నేటర్‌నో నీళ్ల పంపునో కూడా తిప్పుతుంటే తీయకూడదు.

అందుకే మీరు సిస్టమ్ మొత్తం కడగాలి. కడగకుండా కొత్త సీల్ వేస్తే మిగిలిన పాత ఆయిల్‌లో అదీ నానుతుంది.

లీకు ఆపే మందు గురించి. అందులో చాలావాటి పని రబ్బరును ఉబ్బించడమే. గట్టిపడిన సీల్ కొద్దిరోజులు ఉబ్బి సందు మూస్తుంది. మీ సీళ్లు ఇప్పటికే బ్రేక్ ఆయిల్ తాగాయి. ఇంకా ఉబ్బించడం వద్దు.


గోదారి_బొలెరో:

పౌడరు పరీక్షలో తడి మొదలైంది పుల్లీ వెనకే. పైన అంతా పొడిగా ఉంది. పంపు దించి విప్పాను. షాఫ్ట్‌కి ఊగుడు లేదు. కామ్ రింగ్ నున్నగా ఉంది. సీల్ గూట్లో రంధ్రం సగం పూడి ఉంది, తీగతో తెరిచాను. సీల్ పెదవి చేత్తో పట్టుకుంటే బంకలా మెత్తగా ఉంది. అయితే షాఫ్ట్ మీద సీల్ కూర్చునే చోట చుట్టూ మెరిసే గాడి ఉంది, గోటికి తగులుతోంది. షాఫ్ట్ మార్చాలా?


పానా_పన్నెండు:

గాడి కనబడి గోటికి తగలకపోతే 800 నంబరు ఎమరీ కాగితానికి ఆయిల్ రాసి, షాఫ్ట్ చుట్టూ పట్టీలా పెట్టి తిప్పి రుద్దితే చాలు. నిలువుగా రుద్దకూడదు, నిలువు గీతల వెంట ఆయిల్ బయటికి దారి చేసుకుంటుంది. మీకు గోటికి తగులుతోంది కాబట్టి రుద్దడంతో పోదు.

సులువైన దారి: కొత్త సీల్‌ను పాత చోటు కంటే ఒక మిల్లీమీటరు, మహా అయితే ఒకటిన్నర, లోపలికి గానీ బయటికి గానీ కూర్చోబెట్టండి. పెదవి గాడిలో కాకుండా పక్కనున్న నున్నటి చోట పడుతుంది. లోపలికి పెడితే సీల్ గూట్లోని ఆ సన్నని రంధ్రాన్ని మూయకుండా చూడండి. గూట్లో అంత చోటు లేకపోతే పల్చటి స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ షాఫ్ట్ మీద ఎక్కించుకోవచ్చు. దాని గోడ మందం 0.28 మిల్లీమీటర్లే, కాబట్టి అదే సైజు సీల్ సరిపోతుంది. బేరింగ్ షాపుల్లో షాఫ్ట్ కొలత చెప్పి అడగండి.

లేత్‌లో గాడి పోయేదాకా షాఫ్ట్ చెక్కించి చిన్న సీల్ వేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ షాఫ్ట్‌కి పైపైన గట్టి పొర ఉంటుంది. అది చెక్కేస్తే లోపలి మెత్తటి ఇనుము మీద కొత్త గాడి ఇంకా త్వరగా పడుతుంది. వెల్డింగ్ నింపి తిప్పించడం అసలే వద్దు, వేడికి షాఫ్ట్ వంకర పోతుంది.


డీజిల్_మేస్త్రి:

బిగించాక కడగడం, గాలి తీయడం జాగ్రత్తగా చేయండి. సీల్ మంచిగా వేసి ఇక్కడ చెడగొట్టుకున్న పంపులు తక్కువేం కాదు.

ముందు రాగి వాషర్లు రెండూ కొత్తవి వేయండి. దొరక్కపోతే పాతవి ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడతాయి, ఒకసారికి పనికొస్తాయి. ఆయిల్ తాగిన బెల్టు తుడిచి వాడొద్దు, కొత్తది వేయండి. రెండు పుల్లీల మధ్య బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. పుల్లీ గాడిలో ఉన్న పాత జిడ్డు కూడా తుడవండి.

ఏటీఎఫ్ డెక్స్‌రాన్ 2 లేదా 3 రకం, ట్యాంకు మూత మీద ఏముందో అదే. సిస్టమ్‌లో పట్టేది సుమారు లీటరు, కడగడానికి కలిపి మీ విషయంలో మూడు లీటర్లు తెచ్చుకోండి. బ్రేక్ ఆయిల్ కలవని బండికి రెండు చాలు.

ముందు చక్రాలు రెండూ జాకీతో ఎత్తి స్టాండ్ల మీద నిలపండి. జాకీ మీద వదిలేసి కిందికి దూరకండి. ట్యాంకుకి తిరిగి వచ్చే సన్నని పైపు విప్పి ఖాళీ సీసాలో పెట్టండి, ట్యాంకుకి ఉన్న దాని ముక్కుకి మూత వేయండి. ట్యాంకు నింపి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా, ఒకరు స్టీరింగ్ ఆ చివర నుంచి ఈ చివరకు మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు ట్యాంకులో ఆయిల్ పోస్తూ ఉండాలి. సీసాలోకి మొదట నల్లగా, తర్వాత గోధుమ రంగులో, చివరికి శుభ్రమైన ఎరుపులో వస్తుంది. ట్యాంకు అడుగు కనబడనివ్వకూడదు, కనబడితే గాలి లోపలికి దూరినట్టే. ఎరుపు వచ్చాక పైపు తిరిగి బిగించండి. ట్యాంకు అడుగున జాలీ ఉంటే ముందే తీసి కడిగి ఉండాలి.

ఇప్పుడు గాలి తీయడం. ఇంజన్ ఆపి ఉంచే మళ్లీ ఇరవై సార్లు చివర నుంచి చివరకు తిప్పండి. బుడగలు ట్యాంకులోకి వస్తాయి, మట్టం తగ్గుతుంది, పోస్తూ ఉండండి. బుడగలు ఆగాక స్టార్ట్ చేయండి. రేస్ ఇవ్వొద్దు. ఐడిల్‌లోనే మెల్లగా నాలుగైదు సార్లు తిప్పండి. చివర్లలో ఐదు సెకన్ల కంటే ఎక్కువ పట్టుకోవద్దు. ఫుల్ కట్‌లో పట్టుకుంటే రిలీఫ్ వాల్వు (ఒత్తిడి మితిమీరకుండా ఆపేది) తెరుచుకుని ఆయిల్ పంపులోనే తిరిగి సలసలా కాగుతుంది, కొత్త సీల్‌కి మొదటిరోజే వేడి దెబ్బ.

ఆయిల్ నురగ కట్టి పాలలా, లేత గులాబీ రంగులో కనబడితే ఇంజన్ ఆపి అరగంట వదిలేయండి. నురగ మీద పంపు తిప్పితే వేన్లకి ఆయిల్ పొర అందదు. గాలి మొత్తం పోయిందో లేదో ఇలా తెలుస్తుంది: ఇంజన్ ఐడిల్‌లో ఉండగా ట్యాంకులో మట్టం గుర్తు పెట్టుకోండి, ఇంజన్ ఆపండి. మట్టం 5 మిల్లీమీటర్లకి మించి పైకి లేచిందంటే లోపల ఇంకా గాలి ఉంది.

తీసిన పాత ఆయిల్ కాలవలో పోయకండి, డబ్బాలో మూత పెట్టి పాత ఆయిల్ కొనేవాళ్లకి ఇచ్చేయండి.


గోదారి_బొలెరో:

సీల్ ఒక మిల్లీమీటరు లోపలికి వేసి, కొత్త బెల్టు, కొత్త వాషర్లతో బిగించాను. ఐదు రోజులైంది, పుల్లీ వెనక పొడిగా ఉంది. ఐడిల్‌లో బరువు పోయింది, కీచు లేదు. కానీ పొద్దున స్టార్ట్ చేశాక రెండు నిమిషాలు మూలుగు వస్తోంది, ట్యాంకులో సన్నని బుడగలు. ఆయిల్ తగ్గడం లేదు. గాలి రెండుసార్లు తీశాను.


డీజిల్_మేస్త్రి:

ఆయిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోతోంది. అంటే లాగుడు వైపు. ట్యాంకు నుంచి పంపుకి వచ్చే లావు పైపు మార్చారా? మార్చినట్టు రాయలేదు. పాత పైపు లోపల గట్టిపడి, చల్లగా ఉన్నప్పుడు పంపు ముక్కును సరిగ్గా పట్టుకోదు, వేడెక్కాక కాస్త మెత్తబడి అతుక్కుంటుంది. అందుకే రెండు నిమిషాల తర్వాత మూలుగు ఆగుతోంది. ఆయిల్ కారేంత సందు అక్కర్లేదు, పంపు లాగే లాగుడుకి గాలి వెంట్రుకంత సందులోంచి కూడా దూరుతుంది.

రేపు పొద్దున చల్లటి ఇంజన్ మీద, స్టార్ట్ చేయకముందు ఆ పైపు రెండు చివర్లా క్లిప్పుల చుట్టూ గ్రీజు దట్టంగా పూయండి. బెల్టు మీద పడకుండా చూసుకుని స్టార్ట్ చేయండి. మూలుగు రాకపోయినా, బాగా తగ్గినా గాలి దూరేది అక్కడే. ఏ చివరో తెలియాలంటే ఒక రోజు ఒక చివర, మర్నాడు రెండో చివర పూసి చూడండి.

పైపు ఆయిల్‌కి ఓర్చే రబ్బరుది, అదే లోపలి వ్యాసంతో తీసుకోండి. నీళ్ల పైపు, తోటకి వాడే పారదర్శక పైపు వేయొద్దు, నెలకే మెత్తబడి లాగుడుకి నొక్కుకుపోతాయి. పొడవు పాతదానంతే ఉండాలి, వంపులో నొక్కుకుపోకూడదు. పంపు ముక్కు విడిగా బోల్టుతో బిగించే రకమైతే దాని కింద ఓరింగ్ ఉంటుంది, కిట్‌లో మిగిలిపోయిన చిన్న ఓరింగ్ అదేనేమో చూడండి. పాత తీగ క్లిప్పులు తీసేసి స్క్రూ క్లిప్పులు వేయండి, పైపు కొస నుంచి ఒక అర అంగుళం లోపలికి, ముక్కు మీది గట్టుకి అవతల. గట్టు మీదే బిగిస్తే క్లిప్పు రబ్బరును కోస్తుంది.

పైపు మార్చాక మళ్లీ ఇంజన్ ఆపి ఇరవై తిప్పులు, ఆ 5 మిల్లీమీటర్ల పరీక్ష.